ఎర్రదీపాల పెట్టె – దాన్ని చేసిన మనిషి
(గున్‌పే యొకోయ్ జీవిత విశేషాలు)

తమ్ముళ్ళూ! ఒకప్పుడు మన ఊళ్ళ జాతరల్లో, సంతల్లో, బస్టాండు పక్కన బొమ్మల బండ్ల మీద చవక వీడియో గేములు అమ్మేవారు. టీవీకి వైరు తగిలించి ఆడుకునేవి. వాటి రిమోట్ మీద ఎడమ పక్కన ప్లస్ గుర్తు ఆకారంలో ఒక బటన్ ఉండేది. దాని మీద బొటనవేలు పెట్టి నొక్కితే తెర మీది బొమ్మ పైకీ కిందికీ, కుడికీ ఎడమకూ కదిలేది. మనలో చాలామంది ఏదో ఒక వేసవి సెలవుల్లో, ఏ మేనమామ ఇంట్లోనో ఆ బటన్ నొక్కే ఉంటాం. ఆ బటన్ ఎవరి ఆలోచనో మాత్రం ఎవరమూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఎం.కాం.లో చేరిన తరువాత మార్కెటింగ్ సబ్జెక్టులో మాకు ఒక సెమినార్ ఇచ్చారు. మార్కెట్లో దెబ్బతిన్న ఒక వస్తువును తీసుకుని, అది ఎందుకు అమ్ముడుపోలేదో వివరించాలి. నేను వర్చువల్ బాయ్ అనే జపాన్ వీడియో గేమ్ యంత్రాన్ని తీసుకున్నాను. వెదుకుతూ పోతే ఒక సంగతి తెలిసి ఆశ్చర్యపోయాను. ఆ ఓడిపోయిన యంత్రాన్ని చేసిన మనిషి, ప్రపంచమంతా నొక్కిన ఆ ప్లస్ బటన్‌ను చేసిన మనిషి ఒక్కరే. ఆయన పేరు గున్‌పే యొకోయ్. సెమినార్ అయిపోయింది కానీ ఆ మనిషి మాత్రం నా మనసులోంచి పోలేదు. మా గదిలో నాతోపాటు ఉండిన ఒక మిత్రుణ్ణి తలచుకుంటూ ఆయన కథ మీకు చెబుతున్నాను. ఆ మిత్రుడి సంగతి చివర చెబుతాను.

పేకముక్కల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని

గున్‌పే యొకోయ్ 1941 సెప్టెంబర్ 10న జపాన్ దేశంలోని క్యోటో నగరంలో జన్మించారు. అదే నగరంలోని దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివారు. చదువులో ఆయన మొదటి వరుస విద్యార్థి కాదు. పెద్ద పెద్ద ఎలక్ట్రికల్ కంపెనీల్లో ఉద్యోగం దొరకలేదు. చివరకు సొంత ఊళ్ళోనే ఉన్న నింటెండో అనే కంపెనీలో 1965లో చేరారు.

ఈ రోజు నింటెండో అంటే వీడియో గేములు. ఆ రోజుల్లో అది పేకముక్కలు తయారుచేసే కంపెనీ. 1889లో పూల బొమ్మల పేకముక్కలతో మొదలైంది. యొకోయ్ గారికి అప్పగించిన పని ఆ ముక్కలు తయారుచేసే యంత్రాలు ఆగిపోకుండా చూసుకోవడం. డిగ్రీ చదివినవాడికి ఆయిల్ డబ్బా, స్పానర్ చేతికిచ్చినట్టే. ఆయన చిన్నబుచ్చుకోలేదు. యంత్రాలు సరిగ్గా నడుస్తున్నంతసేపు చేతికి పని ఉండేది కాదు. ఆ ఖాళీ సమయంలో ఫ్యాక్టరీలో ఉన్న లేత్ మెషీన్ మీద తనకు తోచిన బొమ్మలు చేసుకుంటూ ఉండేవారు.

అలా ఒకసారి కత్తెరల వరుసలా ముడుచుకుని, పిడి నొక్కితే ముందుకు సాగి దూరంగా ఉన్న వస్తువును పట్టుకునే ఒక చెయ్యిలాంటి బొమ్మ చేశారు. కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమౌచి దాన్ని చూశారు. ఆయన కఠినమైన మనిషి. గదికి రమ్మని పిలిస్తే, పని వేళల్లో ఆటలాడుతున్నందుకు చీవాట్లు తప్పవని యొకోయ్ అనుకున్నారు. యమౌచి మాత్రం దాన్ని అమ్మే వస్తువుగా తయారుచేయమని ఆజ్ఞాపించారు. 1966లో అల్ట్రా హ్యాండ్ అనే పేరుతో బజారులోకి వచ్చిన ఆ బొమ్మ 12 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మెయింటెనెన్స్ కుర్రాడు ఆ దెబ్బతో బొమ్మలు రూపొందించే విభాగంలోకి మారిపోయారు.

ఆ తరువాత వరుసగా బొమ్మలు వచ్చాయి. 1969లో లవ్ టెస్టర్ అనే ఒక తమాషా యంత్రం చేశారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి చెరొక గుండు పట్టుకుని, రెండో చేతులు కలుపుకుంటే ముల్లు కదిలి వారి ప్రేమ ఎంతో చూపిస్తుంది. నిజానికి లోపల ఉన్నది శరీరంలో ప్రవహించే అతి చిన్న విద్యుత్తును కొలిచే మీటరు. మనం ఫిజిక్స్ ల్యాబులో చూసే గాల్వనోమీటరు లాంటిదే. మనం దాన్ని చూసి రికార్డులో రీడింగ్ రాసుకుంటాం. ఆయన దాన్ని చూసి చేతులు కలపడానికి ఒక సాకు కనిపెట్టారు.

అన్నీ గెలుపులే అనుకోకండి. కాంతి తుపాకితో గురి చూసి కొట్టే ఆటను పెద్ద ఎత్తున, మూతపడుతున్న బౌలింగ్ హాళ్ళలో పెట్టాలని 1973లో నింటెండో సాహసించింది. అదే ఏడాది ప్రపంచమంతా చమురు సంక్షోభం వచ్చింది. ఇచ్చిన ఆర్డర్లు రద్దయిపోయాయి. కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. వస్తువు బాగున్నా కాలం బాగోకపోతే ఏమవుతుందో ఆయన అప్పుడే చూశారు.

రైల్లో చూసిన దృశ్యం

ఒకనాడు యొకోయ్ జపాన్ వేగపు రైలు షింకన్‌సెన్‌లో ప్రయాణిస్తున్నారు. అలసిపోయిన ఒక ఉద్యోగి, పొద్దుపోక, తన జేబు కాలిక్యులేటర్ బటన్లు ఊరికే నొక్కుతూ కూర్చున్నాడు. మనమైతే చూసి మరిచిపోతాం. ఆయనకు మాత్రం ఒక ఆలోచన వచ్చింది. పెద్దవాళ్ళు కూడా నలుగురికీ కనబడకుండా చేతుల్లో దాచుకుని ఆడుకునే చిన్న ఆట ఉంటే ఎలా ఉంటుంది?

కొన్నాళ్ళకు ఒక అవకాశం దొరికింది. అధ్యక్షుడి కారు డ్రైవరు ఆ రోజు రాలేదు. ఆ పెద్ద కారు నడపడం తెలిసిన యొకోయ్‌ను రమ్మన్నారు. ఇంజనీరునైన నన్ను డ్రైవర్ని చేశారే అని ఆయన బాధపడుతూ కూర్చోలేదు. కారు నడుపుతూనే తన ఆలోచన చెప్పేశారు. యమౌచి ఊఁ అని విన్నారంతే. ఆ రోజు సమావేశంలో యమౌచి పక్కన కూర్చున్నది షార్ప్ కంపెనీ పెద్ద. అప్పట్లో షార్ప్, కాసియో కంపెనీలు కాలిక్యులేటర్ల ధరలు తగ్గిస్తూ పోటీపడుతున్నాయి. కాలిక్యులేటర్‌లో వాడే తెరలు బాగా చవకైపోయాయి. వాటికి కొత్త ఉపయోగం కావాలి. వారం తిరిగేసరికి షార్ప్ వాళ్ళు నింటెండో గుమ్మం ముందు ఉన్నారు.

1980లో గేమ్ అండ్ వాచ్ వచ్చింది. కాలిక్యులేటర్ తెర మీద ఒక చిన్న ఆట, మూలన గడియారం. పదకొండేళ్ళలో రకరకాల ఆటలతో 4 కోట్ల 34 లక్షలు అమ్ముడుపోయాయి. 1982లో డాంకీ కాంగ్ ఆటను ఈ చిన్న పెట్టెలోకి తేవాలనుకున్నప్పుడు ఒక చిక్కు వచ్చింది. పెట్టె పుస్తకంలా మడతపడుతుంది. పైకి పొడుచుకొచ్చే కడ్డీ పెడితే మూత పడదు. అప్పుడు యొకోయ్ కడ్డీని తీసేసి చదునుగా ప్లస్ ఆకారంలో ఒకే బటన్ పెట్టారు. చూడకుండానే బొటనవేలికి దిక్కు తెలుస్తుంది. 1983లో వచ్చిన నింటెండో టీవీ గేమ్‌కూ అదే బటన్ పెట్టారు. దాని నకళ్ళే మన సంతల దాకా వచ్చాయి. జపాన్‌లో ఒక మూత పడక వచ్చిన ఆలోచన మన వేళ్ళ కిందికి అలా చేరింది.

చవక సరుకు, కొత్త ఉపయోగం

యొకోయ్ గారి పద్ధతికి ఒక సూత్రం ఉండేది. అందరూ వాడి వాడి పాతబడిన, అందువల్ల చవకైన, అందువల్ల లోటుపాట్లన్నీ తెలిసిపోయిన సాంకేతికతను తీసుకోవాలి. దానికి ఎవరూ అనుకోని కొత్త ఉపయోగం వెదకాలి. ఖరీదైన కొత్త సరుకు వెంట పరుగెత్తనక్కరలేదు. మనవంటి ఇళ్ళల్లో అమ్మలు పాత చీరను బొంత చేస్తారే, అలాంటి తెలివి ఇది.

ఈ సూత్రానికి గొప్ప ఉదాహరణ గేమ్ బాయ్. 1989 ఏప్రిల్ 21న జపాన్‌లో 12,500 యెన్‌ల ధరకు వచ్చింది. దాని తెర పచ్చటి ఛాయలో ఉండే నలుపు తెలుపుల తెర. వెనక లైటు కూడా లేదు. కొంతమంది నవ్వారు. అదే సంవత్సరం అమెరికాలో అటారి కంపెనీ లింక్స్ అనే రంగుల యంత్రాన్ని తెచ్చింది. 1990లో సెగా కంపెనీ గేమ్ గేర్ తెచ్చింది. అదీ రంగులదే. కానీ ఆ రంగుల యంత్రాలు ఆరు బ్యాటరీలు మింగి నాలుగైదు గంటలకే ఆరిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలు దాటి నడిచేది. ధర తక్కువ. కిందపడినా చెక్కుచెదరదు. అమెరికాలో దానితోపాటు టెట్రిస్ ఆట ఇచ్చారు. ఇటుకలు పేర్చే ఆ ఆటకు రంగులతో పనేముంది? తరువాత వచ్చిన రంగుల గేమ్ బాయ్‌తో కలిపి మొత్తం 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

ఇంతటి మనిషి తరువాత చేసిన పెద్ద యంత్రమే వర్చువల్ బాయ్. అదే దెబ్బతిన్నది.

ఎర్రదీపాల పెట్టె

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో రిఫ్లెక్షన్ టెక్నాలజీ అనే చిన్న కంపెనీ ఒక విచిత్రమైన తెర తయారుచేసింది. ఆ తెరను సెగా కంపెనీకి చూపిస్తే వాళ్ళు వద్దన్నారు. నింటెండోలో యొకోయ్‌కు అది నచ్చింది.

అది పనిచేసే తీరు చెబుతాను. దీపావళి నాడు వెలిగించిన కాకరపువ్వొత్తిని గిరగిర తిప్పితే గాలిలో వెలుగు వలయం కనిపిస్తుంది. నిప్పు ఉన్నది ఒక్క చోటే, కన్ను మాత్రం వలయాన్ని చూస్తుంది. వర్చువల్ బాయ్‌లో ఒక్కో కంటికి ఒక నిలువు వరుసలో 224 చిన్న ఎర్ర దీపాలు ఉంటాయి. వాటి ముందు ఒక అద్దం సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్క వరుస దీపాలే 384 వరుసలై పూర్తి బొమ్మలా కనిపిస్తాయి. రెండు కళ్ళకు కొద్దిగా తేడా ఉన్న రెండు బొమ్మలు చూపడం వల్ల మెదడు లోతును చూస్తుంది. ముఖం పెట్టి లోపలికి చూస్తే కటిక చీకటిలో ఎర్రటి లోకం ఒకటి దూరంగా, దగ్గరగా కదులుతూ ఉంటుంది.

ఎరుపే ఎందుకు? ఎర్ర దీపాలు చవక. కరెంటు తక్కువ తింటాయి. మంచి వెలుతురునిచ్చే నీలం దీపం అప్పుడప్పుడే కనిపెట్టబడింది. అన్ని రంగులూ పెడితే ధర ఎక్కడికో పోయేది. పాత చవక సరుకు, కొత్త ఉపయోగం అనే తన సూత్రం ప్రకారమే యొకోయ్ నడిచారు. మిగతావాళ్ళంతా ఇంకా ఎక్కువ రంగులు, ఇంకా ఎక్కువ వేగం అంటూ ఒకే దారిలో పరుగెడుతుంటే, ఎన్నడూ ఆట ఆడని మనిషిని కూడా ఆకట్టుకునే కొత్త దారి వేయాలని ఆయన ఆశ.

మొదట ఆయన ఊహించింది కళ్ళజోడులా తలకు తగిలించుకునే తేలికైన యంత్రం. పని సాగేకొద్దీ భయాలు పుట్టాయి. తలకు అంత దగ్గరగా విద్యుత్ పరికరం పెడితే ఏమవుతుంది? పిల్లల కళ్ళు దెబ్బతింటే? తల తిరిగి పడిపోతే? వస్తువు వల్ల హాని జరిగితే తయారుచేసినవారిదే బాధ్యత అనే కొత్త చట్టం జపాన్‌లో 1995 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. జాగ్రత్త కోసం లోహపు కవచం పెట్టారు, బరువు పెరిగింది. తలకు తగిలించడం మానేసి రెండు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టారు. ఏడేళ్ళలోపు పిల్లలు ఆడకూడదని హెచ్చరిక రాశారు. కొద్ది కొద్దిసేపటికి ఆట ఆపి కళ్ళకు విశ్రాంతి ఇవ్వమని యంత్రమే గుర్తుచేసే ఏర్పాటు పెట్టారు. ప్రతి మార్పుకూ సరైన కారణమే ఉంది. అన్ని మార్పులూ కలిసేసరికి మాత్రం మొదట కలగన్న వస్తువు మిగలలేదు.

దుకాణంలో ఎందుకు ఆడలేదు?

1995 జూలై 21న జపాన్‌లో 15,000 యెన్‌లకు, ఆగస్టులో అమెరికాలో సుమారు 180 డాలర్లకు వర్చువల్ బాయ్ షాపుల్లోకి వచ్చింది. 1996 మార్చి లోగా ఒక్క జపాన్‌లోనే 30 లక్షల యంత్రాలు, 1 కోటి 40 లక్షల ఆటలు అమ్ముతామని నింటెండో అంచనా వేసింది. ప్రపంచం మొత్తం మీద అమ్మినవి సుమారు 7 లక్షల 70 వేలు. ఎందుకిలా జరిగిందో నా సెమినార్‌లో చెప్పిన కారణాలు ఇవి.

మొదటిది, దాన్ని చూపించడానికి వీలులేదు. మన హాస్టల్ హాలులో ఇద్దరు క్యారమ్స్ ఆడుతుంటే పదిమంది చుట్టూ నిలబడి చూస్తారు. చూస్తూ చూస్తూ వాళ్ళకూ ఆడాలనిపిస్తుంది. బొమ్మల వ్యాపారమంతా ఆ చుట్టూ నిలబడిన పదిమంది మీదే ఆధారపడి ఉంటుంది. వర్చువల్ బాయ్ ఆడేవాడు ఒక పెట్టెలో ముఖం దూర్చి వంగి కూర్చుంటాడు. పక్కవాళ్ళకు వాడి వీపు తప్ప ఏమీ కనబడదు. లోతు కనిపించడమే దాని గొప్పతనం. ఆ లోతును టీవీ ప్రకటనలో చూపలేరు, పత్రికలో అచ్చువేయలేరు. అచ్చువేస్తే ఎరుపు నలుపు గీతలు మాత్రమే కనిపిస్తాయి. పూర్వం జాతరల్లో బయస్కోపు పెట్టె కూడా ముఖం పెట్టి చూసేదే. కానీ దాని పక్కన నిలబడినవాడు లోపల ఏముందో రాగం తీసి చెబుతూ జనాన్ని పిలిచేవాడు. వర్చువల్ బాయ్ పక్కన అలాంటివాడు లేడు. అమెరికాలో ప్రచారానికి 2 కోట్ల 50 లక్షల డాలర్లు ఖర్చుపెట్టారు. బ్లాక్‌బస్టర్ అనే వీడియో షాపుల ద్వారా 10 డాలర్లకు అద్దెకిచ్చారు. కుతూహలం ఉన్నవాళ్ళకు ఆ పది డాలర్లతోనే ముచ్చట తీరిపోయే వీలు దొరికింది.

రెండవది, అది ఏ అరలో పెట్టాల్సిన వస్తువో తెలియలేదు. పేరులో బాయ్ ఉంది కాబట్టి గేమ్ బాయ్‌కు తమ్ముడనుకున్నారు. గేమ్ బాయ్‌ను జేబులో వేసుకుని రైల్లో ఆడవచ్చు. దీనికి బల్ల కావాలి, కుర్చీ కావాలి. పోనీ ఇంట్లో టీవీ గేమ్ అనుకుందామంటే ఇంటిల్లిపాదీ చూసే వీలు లేదు. ఇద్దరు కలిసి ఆడేందుకు యంత్రానికి ఒక రంధ్రం పెట్టారు. అందులో పెట్టాల్సిన కేబుల్ ఏనాడూ అమ్మకానికి రాలేదు. దీన్ని ఒక సరదా బొమ్మగా చూడాల్సింది, గేమ్ బాయ్ వారసుడిగా చూడటం వల్లనే చిక్కు వచ్చిందని యొకోయ్ దగ్గర పనిచేసి ప్రసిద్ధుడైన షిగెరు మియామోతో చాలా ఏళ్ళ తరువాత అభిప్రాయపడ్డారు.

మూడవది, సమయం. 1994 చివర్లోనే జపాన్‌లో సెగా శాటర్న్, సోనీ ప్లేస్టేషన్ వచ్చేశాయి. వాటిలో రంగు రంగుల త్రీడీ ఆటలు మామూలు టీవీలోనే కనబడుతున్నాయి. అవి ఖరీదే, కానీ షాపులో నిలబడితే కన్ను అటే పోతుంది. ఇంకోవైపు నింటెండోనే తన తరువాతి పెద్ద యంత్రం నింటెండో 64 వస్తోందని చెబుతోంది. ఇంటికి మంచి కోడి రేపు వస్తుందంటే ఈరోజు గుడ్డు ఎవరు కొంటారు? ఆ పెద్ద యంత్రానికి మనుషులు, వనరులు కావాలి కాబట్టి దీన్ని త్వరగా బజారుకు పంపారని తరువాత వచ్చిన కథనాలు చెబుతున్నాయి.

నాలుగవది, ఆటలు. యంత్రం కొనేది ఆటల కోసం. జపాన్, అమెరికా రెండూ కలిపి దీనికి వచ్చిన ఆటలు 22 మాత్రమే. వాటిలో వారియో ల్యాండ్ వంటి మంచివీ ఉన్నాయి. ఆట తక్కువైతే యంత్రం అమ్మదు. యంత్రం అమ్మకపోతే బయటి కంపెనీలు ఆట చేయవు. ఇది బావిలో నీళ్ళు లేక మోటారు, మోటారు లేక నీళ్ళు అన్నట్టు తిరిగే చక్రం.

ఇక ఐదవది, ఆడినవాళ్ళ మాట. కళ్ళు లాగుతున్నాయి, తలనొప్పి వస్తోంది, మెడ పట్టేస్తోంది అని చాలామంది చెప్పారు. నా ఉద్దేశంలో యొకోయ్ గారి సూత్రం జారిన చోటు ఇదే. దీపాలు పాతవే, కానీ చూసే పద్ధతి కొత్తది. మనిషి కన్ను, మెడ దానికి ఎలా అలవాటుపడతాయో ఎవరికీ అనుభవం లేదు. సరుకు పాతదైతే చాలదు, వాడే మనిషి సుఖం కూడా తెలిసినదై ఉండాలి. రైల్లో ఒక మనిషి వేళ్ళను చూసి గేమ్ అండ్ వాచ్ చేసిన ఆయనకు, ఈసారి అలా ముందుగా చూడటానికి మనిషి దొరకలేదు.

షాపుల్లో ధర తగ్గించారు. అయినా కదలలేదు. 1995 చివరికి జపాన్‌లో, 1996లో అమెరికాలో అమ్మకం ఆపేశారు. పట్టుమని ఏడాది కూడా బ్రతకలేదు.

ఓటమి తరువాత

ముప్పై ఏళ్ళపాటు కంపెనీకి ఎన్నో ఇచ్చిన మనిషికి ఇది చిన్న దెబ్బ కాదు. ఆ దెబ్బతోనే యొకోయ్ నింటెండో విడిచిపోయారని చాలామంది రాశారు. అది పూర్తిగా నిజం కాదు. యాభై దాటాక సొంతంగా ఏదైనా చేయాలని ఆయనకు ముందునుంచే ఉంది. వర్చువల్ బాయ్ ఓటమి మీదనే తలుపు మూసి వెళ్ళకుండా, ఆయన ఇంకో పని పూర్తిచేశారు. ఇటుకలా ఉన్న పాత గేమ్ బాయ్‌ను సన్నగా, తేలికగా మార్చి గేమ్ బాయ్ పాకెట్ చేశారు. అది 1996 జూలైలో వచ్చి బాగా అమ్ముడుపోయింది. ఆ తరువాత ఆగస్టు 15న రాజీనామా చేసి, క్యోటోలోనే కోటో అనే చిన్న సంస్థను ప్రారంభించారు.

అక్కడ బండాయ్ కంపెనీ కోసం మళ్ళీ ఒక చేతి యంత్రం మీద పని మొదలుపెట్టారు. మళ్ళీ నలుపు తెలుపు తెరే. మళ్ళీ చవకే. ఒకే ఒక్క బ్యాటరీతో నడవాలి. ఓడిపోయినంత మాత్రాన తన సూత్రం తప్పని ఆయన అనుకోలేదు. ఎక్కడ జారిందో చూసుకుని, ఈసారి జేబులో పట్టే వస్తువుతోనే మళ్ళీ మొదలుపెట్టారు.

దాన్ని చూసే భాగ్యం ఆయనకు కలగలేదు. 1997 అక్టోబర్ 4న ఇషికావా ప్రాంతంలో హొకురికు ఎక్స్‌ప్రెస్ వే మీద ప్రయాణిస్తుండగా ఆయన ఉన్న కారు ముందు వాహనానికి తగిలింది. ఏమైందో చూడటానికి కిందికి దిగినప్పుడు మరో కారు వచ్చి ఢీకొట్టింది. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరాలు.

ఆ యంత్రం వండర్‌స్వాన్ అనే పేరుతో 1999 మార్చి 4న 4,800 యెన్‌లకు వచ్చింది. ఒక్క బ్యాటరీ మీద ముప్పై గంటల దాకా నడిచేది. దానితోపాటు వచ్చిన ఒక ఆటకు ఆయన జ్ఞాపకార్థం గున్‌పే అని పేరు పెట్టారు. 2003లో ప్రపంచ గేమ్ రూపకర్తల సంఘం ఆయనకు మరణానంతరం జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చింది. ఇక ఆ ఎర్రదీపాల పెట్టె సంగతా? దాన్ని ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా అభిమానులు వెదికి వెదికి కొని దాచుకుంటున్నారు. వర్చువల్ బాయ్ ఆటలను తమ కొత్త యంత్రాల మీద మళ్ళీ అందిస్తామని నింటెండో సంస్థే 2025 సెప్టెంబర్‌లో ప్రకటించింది. షాపు అర మీద నిలబడలేని వస్తువు ముప్పై ఏళ్ళ తరువాత తిరిగి వచ్చింది.

మనకెందుకు ఈ కథ?

ముందు చెప్పిన నా మిత్రుడి సంగతికి వస్తాను. మేమిద్దరం ఇంటర్‌లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. గదిలో ఫ్యాను ఆగినా, ఎవరి రేడియో మూగబోయినా వాడి దగ్గరకే తెచ్చేవారు. ఒక చిన్న స్క్రూడ్రైవరు, బ్లేడు ముక్క, ఇన్సులేషన్ టేపు, ఇవే వాడి సామాను. పాడైపోయిన టార్చిలైటు బల్బుతో చదువుకునే దీపం చేసిన రోజున గదంతా చప్పట్లు కొట్టాం. పాత సరుకు, కొత్త ఉపయోగం! ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

రెండో సంవత్సరంలో వాడికి ఒక్క ఫిజిక్స్ పోయింది. మీటర్లూ వైర్లూ చేత్తో ఆడించేవాడికి ఆ పేపరే పోవడం ఏమిటని అందరం నవ్వాం. ఆ నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. వాడు ఏమీ అనలేదు. మర్నాడు ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని ఊరికి పోయాడు. సప్లిమెంటరీకి ఫీజు కట్టలేదు. ఇప్పుడు ఒక తాపీమేస్త్రీ దగ్గర పనిచేస్తున్నాడు. ఆ పని తక్కువదని నేను అనను. మా నాన్న చేసిందీ కూలి పనే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. కానీ వాడు ఆ పని ఎంచుకుని పోలేదు, ఒక్క పేపరు తనమీద వేసిన ముద్రకు తలవంచి పోయాడు. అదే నా బాధ.

యొకోయ్ కథ నాకు అప్పుడే తెలిసి ఉంటే ఆ రోజు వాడి పెట్టె పట్టుకుని ఆపి ఉండేవాణ్ణి. 11 కోట్ల గేమ్ బాయ్‌లు చేసిన మనిషికే ఒక పేపరు పోయింది. అందరూ చూస్తుండగా పోయింది. ఆయన చేసిందల్లా ఇంకొక్క పని సవ్యంగా పూర్తిచేసి, తలెత్తుకుని గుమ్మం దాటడం. ఆ తరువాత మళ్ళీ ఒక బ్యాటరీతో మొదలుపెట్టడం.

ఈ వార్షికోత్సవానికి పాత విద్యార్థులందరినీ పిలిచారు. వాడికి నేనే స్వయంగా వెళ్ళి చెప్పి వచ్చాను. వస్తానని గట్టిగా అనలేదు, రానని కూడా అనలేదు. ఓపెన్ స్కూల్ దరఖాస్తు ఒకటి వాళ్ళ అమ్మ చేతికిచ్చి వచ్చాను.

తమ్ముళ్ళూ, రిజల్ట్స్ వచ్చిన రోజున మీ గదిలో ఎవరైనా నిశ్శబ్దంగా పెట్టె సర్దుకుంటుంటే నవ్వకండి. పక్కన కూర్చోండి. ఎక్కడ జారిందో ఇద్దరూ కలిసి చూడండి. ఫీజు గడువు ఏ తేదీయో కనుక్కుని చెప్పండి.

– హాస్టల్ పూర్వ విద్యార్థి,
ఎం.కాం. ద్వితీయ సంవత్సరం